ఎడమవైపు వయొలిన్లు

జనవరి 9, 1973

వయొలిన్లు ఇవాళ కూడా శ్రుతి దిగి వాయించాయి.

పద్నాలుగు టేకులు తీశాం. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టిన పాట భోజనాల వేళకి కూడా ఒడ్డెక్కలేదు. స్టూడియోలో నలభై మంది వాద్యగాళ్లు. అందులో వయొలిన్లు పద్దెనిమిది, నాకు ఎడమచేతి వైపు మూడు వరసల్లో ఉంటాయి. దేశంలో ఏ మూల రేడియో పెట్టినా, పాట ఎత్తుగడలో ఆ వయొలిన్లు లేచాయంటే చాలు, ఇది సదానంద్–కాదర్ పాట అంటారు. పాట కట్టేది కాదరే. కానీ జనం గుర్తుపట్టేది నా వయొలిన్లతో. అలాంటివి ఇవాళ పులిసిన మజ్జిగలా ఉన్నాయి.

"మాస్టర్, పైకి వెళ్లినప్పుడు దిగుతోంది," అన్నాను ముందు వరసలో మొదటి కుర్చీలో కూర్చున్న ఇనాసియో మాస్టర్‌తో.

ఆయన కళ్లద్దాల మీదుగా చూసి, "మళ్లీ విను, బాబా," అన్నాడు. బాబా అంటే పిల్లాడని, ఆయనకి నేనెప్పుడూ అంతే.

మళ్లీ విన్నాను. మళ్లీ దిగింది.

కాదర్ అద్దాల గదిలో రికార్డిస్టు పక్కన కూర్చుని ఉన్నాడు. ఒక్క మాట అనలేదు. అనడు. యాభై ఒకటిలో మాకు మొదటి సినిమా దొరికిన రోజున బొంబాయిలో, దాదర్‌లో ఇరానీ హోటల్లో ఒకే బన్ను సగం సగం తింటూ ఒట్టేసుకున్నాం. వరస కట్టడం వాడి పని. వాద్యాలకి రాయడం, వాయింపించడం, చివరికి 'టేక్ ఓకే' అనడం నా పని. పదిమంది ముందు ఒకడి మాట ఇంకొకడు కాదనకూడదు. మొగుడూ పెళ్లాలు కూడా అంత బుద్ధిగా ఉండరని మా ఆవిడ ఇందు ఏడిపిస్తుంది.

తిరిగొస్తుంటే కార్లో కాదర్ అన్నాడు, "ఎనిమిదో టేకు బాగానే ఉంది కదరా సదా."

"నీకు వినపడలేదా?"

"నాకు బాగానే వినపడింది," అని కిటికీ వైపు తిరిగి పాన్ నోట్లో వేసుకున్నాడు.

ఈ డైరీ ఒక బట్టల మిల్లువాళ్లు ఏటా పంపేది. ఏటా ఇందు అందులో పచ్చళ్ల కొలతలు రాసుకునేది. ఈసారి నేను లాక్కున్నాను. ఎవరితోనో మాట్లాడాలని ఉంది, మాట్లాడటానికి ఎవరూ వద్దనీ ఉంది.

జనవరి 12

ఎడమ చెవిలో హోరు. డిసెంబరులో పట్టిన జలుబు ఇంకా వదల్లేదు. ఇందు వెల్లుల్లి కాచిన నూనె వేసింది.

జనవరి 17

హోరు తగ్గింది. దాదాపుగా తగ్గింది.

జనవరి 22

సినిమా పత్రిక నుంచి ఒకావిడ వచ్చింది. అరవై రెండు సినిమాలు చేశారట కదా, ఏది ఎవరు కట్టారో చెప్పమంది. ఇరవై రెండేళ్లుగా అందరూ అడిగేది ఇదే. కాదర్ ఎప్పటిలాగే హార్మోనియం మీద గడ్డం ఆనించి, "మేం కట్టాం," అన్నాడు. "అన్నీనా?" అంది. "అన్నీ," అన్నాను నేను.

వాడు మిరజ్‌లో సితార్లు చేసే వాళ్లింట్లో పుట్టాడు. గుమ్మడి బుర్రల మధ్య పాకుతూ పెరిగాడు. కాగితం మీద స్వరం రాయడం ఇవాళ్టికీ రాదు. నాకా, కొల్హాపూర్ గుమాస్తా కొడుకుని, రాయడం తప్ప ఇంకేం రాదు. ఇనాసియో మాస్టర్ దాదర్ చర్చి వెనక గదిలో నన్ను కూర్చోబెట్టి రెండేళ్లు నేర్పాడు. పొరబాటున వేలు వెంట్రుకవాసి జరిగితే విల్లు తిరగేసి కణుపుల మీద కొట్టేవాడు. కాదర్ వరసలో అంత దుఃఖం ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలీదు. ఆ దుఃఖాన్ని పద్దెనిమిది మందికి ఎలా పంచాలో మాత్రం తెలుసు.

పోతూ పోతూ ఆవిడ అడిగింది. "మీలో ఒకరు లేకపోతే?"

కాదర్ నవ్వేశాడు. నాకు ఒళ్లు మండింది. టీ కూడా ఇవ్వకుండా పంపేశాను.

జనవరి 30

ఇందు పోరు పడలేక చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. గుబిలి చేరిందన్నాడు. కడిగాడు. ఇప్పుడు హాయిగా ఉంది.

ఫిబ్రవరి 6

రాయాలంటే చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను. చేసింది తప్పేం కాదు కాబట్టి రాస్తాను.

ఖర్బందా సినిమాలో వాన పాట. నిర్మాత ఖర్బందా స్వయంగా వచ్చి వెనక సోఫాలో కూర్చున్నాడు. ఆయనవి ఇంకో మూడు సినిమాలు మా చేతిలో ఉన్నాయి. కొత్త కుర్రకారు గిటార్లు పట్టుకుని ఆయన ఆఫీసు మెట్ల మీద కూర్చుంటున్నారని నాకు తెలుసు, మాకు తెలుసని ఆయనకీ తెలుసు.

పదిహేడు టేకులు. ప్రతి టేకులోనూ వయొలిన్లు దిగాయి. పాడే సరోజ్ బాయి గొంతు బొంగురుపోతోంది. ఖర్బందా గడియారం చూసుకుని, "సదానంద్‌జీ, ఇవాళ అవుతుందా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఒక్కొక్కళ్లనీ విడిగా వాయించమన్నాను. వెనక వరస నుంచి మొదలుపెట్టి అందర్నీ విన్నాను. అందరూ అంతంతమాత్రంగానే ఉన్నారు. చివరికి మాస్టర్ వంతు వచ్చింది. ముందు కుర్చీ ఎలా వాయిస్తే మిగతా పదిహేడూ అలాగే వాయిస్తాయి.

ఆయన వాయించాడు.

"దిగింది," అన్నాను.

ఆయన తీగ సరిచేసుకుని మళ్లీ వాయించాడు.

"దిగింది మాస్టర్."

"బాబా," అన్నాడు మెల్లగా, ముందుకు వంగి. "నిజంగానా?"

ఆ అడగడంలో పొగరు లేదు. పొగరుగా అడిగి ఉంటే బాగుండేది. జనవరిలో 'మళ్లీ విను' అన్న మనిషి ఇవాళ తన వేళ్ల వంక చూసుకున్నాడు.

"నిజంగానే," అన్నాను. "మీరిక విశ్రాంతి తీసుకోండి మాస్టర్. మీ పక్కన మెల్విన్ ఇవాళ్టి నుంచి మొదటి కుర్చీలో కూర్చుంటాడు."

నలభై మందీ అద్దాల గది వైపు తిరిగారు. కాదర్ ఏదైనా అంటాడని. వాడు తల వంచుకుని పాన్‌డబ్బా మూత తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. అంతే. ఒట్టు నిలబెట్టుకున్నాడు.

మాస్టర్ జేబులోంచి పసుపుపచ్చ గుడ్డ తీసి వయొలిన్ తుడిచాడు. మెడ దగ్గర, తీగల్ని మోసే బ్రిడ్జి కింద, ఎప్పుడూ తుడిచినట్టే. పెట్టెలో పెట్టాడు. రెండు కొక్కేలూ వేశాడు. వెళ్తూ వెళ్తూ అందరికీ చెయ్యెత్తి, "బాగా వాయించండి," అన్నాడు. అరవై మూడేళ్ల మనిషి. నాకు నొటేషన్ నేర్పిన మనిషి.

తర్వాత రెండో టేకుకే ఓకే చెప్పాను. ఖర్బందా భుజం తట్టాడు.

ఫిబ్రవరి 7

బాగా నిద్రపట్టింది. ఎందుకు పట్టకూడదు?

ఫిబ్రవరి 20

మెల్విన్ కూడా దిగి వాయిస్తున్నాడు. హాల్లో చల్లగాలి మిషను కొత్తది పెట్టారు, దాని వల్ల తీగలు వదులవుతున్నాయి. ఆపించాను. అందరికీ చెమటలు. అయినా అంతే.

పాపం మెల్విన్, ప్రతి టేకు తర్వాతా నా మొహం చూస్తున్నాడు, పరీక్ష ఫలితాల కాగితం చూసినట్టు.

ఫిబ్రవరి 26

కాదర్ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మాట్లాడుతున్నాడు, పాటల గురించి. ఖార్‌లోని మా మ్యూజిక్ రూములో పక్కపక్కనే కూర్చుని ఒక పడవ పాట కట్టాం. వరస చాలా బాగా వచ్చింది. లేచేటప్పుడు, "మాస్టర్ చేతికైతే ఇది..." అని మొదలుపెట్టి ఆపేశాడు.

మార్చి 8

ఎన్నాళ్లకెన్నాళ్లకు. పడవ పాట మూడో టేకుకి ఓకే. పదిహేడు వయొలిన్లు ఒక్క గొంతుతో పలికాయి. ఇలా వినిపించి ఎన్ని నెలలైంది. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి, దాచుకోలేదు.

చూశావా కాదరూ, ఒక్క మనిషిని మారిస్తే ఎలా దారికొచ్చిందో అన్నాను కార్లో. వాడు, "సంతోషమే కదా నీకు," అన్నాడు.

చెవి కూడా నయమే. గుబిలి వల్లే అంతా.

మార్చి 29

వరసగా ఐదు పాటలు. దేనికీ నాలుగు టేకులు దాటలేదు. ఖర్బందా అయితే, మళ్లీ పాతరోజులు వచ్చాయండీ అన్నాడు.

కాదర్ మాత్రం నాతో కార్లో రావడం మానేశాడు. "నువ్వెళ్లు, సరోజ్ బాయికి రేపటి పాట నేర్పాలి," అంటాడు. రోజూ అదే. ఆవిడ అంత మందబుద్ధి ఎప్పుడైందో.

ఏప్రిల్ 14

చెల్లో వాయించే బెర్నార్డ్ చెప్పాడు. ఇనాసియో మాస్టర్‌ని ఇద్దరు ముగ్గురు సంగీత దర్శకులు పిలిచారట. వెళ్లలేదట. ధోబీతలావ్‌లో గోవావాళ్ల క్లబ్బులో తన మంచం మీద కూర్చుని పేకలు పేర్చుకుంటున్నాడట.

"ఎందుకు వెళ్లలేదు?" అన్నాను.

బెర్నార్డ్ రోజిన్ గుగ్గిలం ముక్కని చెల్లో విల్లుకి రుద్దుతూనే ఉన్నాడు. "దాదా, సదా విన్నది తప్పు కాదు అన్నాడు మాస్టర్. వాడి చెవిని నేనే తయారుచేశాను, నా వేళ్ల కన్నా నాకు దాని మీదే నమ్మకం అన్నాడు."

మే 3

మధ్యాహ్నం ఇందు బొంబిల్ చేపలు వేయిస్తోంది. వంటింట్లో రేడియో మోగుతోంది. మా పడవ పాట మొదటిసారి వేశారు. ఇద్దరం వింటున్నాం.

రెండో చరణం ముందు ఒక వేణువు వచ్చింది.

ఆ వేణువు లేదు. నేను తీసేశాను. ఆఖరి టేకు ముందు, కాగితం మీద కొట్టెయ్యకుండా, వేణువు వాయించే అతనికి నోటితో చెప్పాను, "వేణువు వద్దు, అక్కడ ఊరుకో," అని. ఊరుకున్నాడు. నేను విన్నాను. ఓకే అన్నాను. ఇంటికొచ్చాను.

మరి ఈ వేణువు ఎవరి టేకు?

ఇందు అట్లకాడతో చేప తిప్పుతూ, "ఎంత బాగుందండీ," అంది. ఆ వయొలిన్లు నాకు మళ్లీ పులిసిన మజ్జిగలా వినిపించాయి.

మే 4

రికార్డిస్టు ధన్‌జీషా దగ్గరికి వెళ్లాను. పార్సీ ముసలాయన, మా మొదటి పాట నుంచీ మాతోనే ఉన్నాడు. పొద్దున్నే స్టూడియోలో ఎవరూ లేరు. పడవ పాట టేపు పెట్టమన్నాను.

"ఏది?" అన్నాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"ఎన్ని ఉన్నాయి?"

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత రెండు టేపులు తీశాడు. ఒకటి పెట్టాడు. వేణువు లేనిది, నాది. శుభ్రంగా ఉంది. రెండోది పెట్టాడు. వేణువున్నది. వయొలిన్లు దిగి ఉన్నాయి.

"రెండోది దిగింది," అన్నాను.

"లేదు సదా భాయ్. రెండోదే సరిగ్గా ఉంది. మొదటిదే ఎక్కింది." మొహం అటు తిప్పుకుని చెప్పాడు. "మార్చి నుంచీ పొద్దున మీ కోసం వయొలిన్లు తీగ కాస్త ఎక్కువ బిగించుకుంటాయి. మీరు ఓకే అని వెళ్లాక సరిచేసుకుని అసలు టేకు తీస్తాం. కాదర్ భాయ్ ఉంటాడు."

"అందరికీ తెలుసా?"

"వాయించేవాళ్లకి తెలియకుండా ఎలా?"

నేను నమ్మలేదు. నమ్మలేదని అరిచాను కూడా. ముసలాయన సొరుగులోంచి ట్యూనింగ్ ఫోర్కు తీసి, మోకాలికి కొట్టి, నా కుడి చెవి దగ్గర పెట్టాడు. తర్వాత ఎడమ చెవి దగ్గర పెట్టాడు.

రెండు వేరు వేరు స్వరాలు. ఒకటే ఫోర్కు. కుడికి ఒకటి, ఎడమకి అంతకన్నా పావు మెట్టు కింద ఇంకొకటి.

ఆయన మళ్లీ కొట్టబోయాడు. చాలన్నాను.

అదే రోజు, సాయంత్రం

ఈ పుస్తకం నేనొక్కణ్ణే చదువుకునేది. ఇందులో కూడా అబద్ధం రాశాను.

జనవరిలో డాక్టరు గుబిలి అనలేదు. ఆయనా ఇలాగే ఫోర్కు పెట్టాడు. ఎడమ చెవి నరం ఎండిపోతోంది, పై స్వరాలు నీకు కిందకి వినిపిస్తాయి, మందు లేదు, మరి ఏం పని చేస్తావు నాయనా అని అడిగాడు. గుమాస్తానని చెప్పాను. అయితే ఫరవాలేదన్నాడు.

అది జనవరి ముప్పై. మాస్టర్‌ని నేను తీసేసింది ఫిబ్రవరి ఆరు. మధ్యలో ఏడు రోజులున్నాయి. ఆ ఏడు రోజులూ నేను డాక్టరుకి ఏం తెలుసులే అనుకుంటూ తిరిగాను. ఆ పూట ఒక్కొక్కళ్లనీ వింటున్నప్పుడు అందరూ దిగుతున్నారని తెలుస్తూనే ఉంది. పద్దెనిమిది మందీ ఒకేసారి పాడవుతారా? కానీ ఖర్బందా వెనక కూర్చున్నాడు. ఎవరో ఒకరిది తప్పవ్వాలి, నాది కాకూడదు. అందుకని అందర్లోకీ పెద్దాయన్ని ఎంచుకున్నాను. పెద్దాయన్ని తీసేస్తే నా చెవి ఇంకా గట్టిదని అందరూ అనుకుంటారని.

మే 6

మ్యూజిక్ రూములో కాదర్‌తో మాట్లాడాను. ముందు నేనే ఎగిరాను. నా వెనకాల నా పేరు మీద దొంగ పాటలు తీస్తావా అన్నాను.

"నీ పేరు మీద కాదు, మన పేరు మీద," అన్నాడు. "ఏం చెయ్యమంటావురా? అందరి ముందూ సదాకి చెవి పోయిందని చెప్పనా? ఆ మాట సాయంత్రానికి అంధేరీ స్టూడియోల దాకా పాకుతుంది. ఎల్లుండికి మనిద్దరం ఇంట్లో ఉంటాం."

"నాతోనన్నా చెప్పాల్సింది."

"కార్లో నాలుగుసార్లు చెప్పాను. నీకు వినపడలేదు." ఆ మాట అన్నాక వాడికే ఏదోలా అయింది. హార్మోనియం మూత మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. "చెవి పోతే పోయింది. రాసేది చేత్తోనే కదా, బుర్రతోనే కదా. ఇంకా ఇరవై ఏళ్లు రాస్తావు. నువ్వక్కడ చెయ్యి ఊపుతూ నిలబడు, మిగతాది నేను చూసుకుంటాను. నాకు దాని గురించి బాధ లేదు."

"మరి?"

"మాస్టర్ గురించి. ఆ రోజు నువ్వు ఆయన్ని అంటుంటే నేను పాన్‌డబ్బా పట్టుకుని కూర్చున్నాను. ఒట్టు ఒట్టని. థూ." వాడి కళ్లు ఎర్రబడ్డాయి. "నువ్వెళ్లి చెప్పు సదా. ఒక్కడికి చెప్పు చాలు. ఆయన ఎవరితోనూ అనడు. తప్పు ఆయన వేళ్లది కాదని ఆయనకి తెలియాలి. నేను చెబితే నీ మాట కాదన్నట్టవుతుంది. నువ్వు చెబితేనే ఆయన నమ్ముతాడు."

వెళ్తానన్నాను.

మే 9

వెళ్లలేదు.

మే 11

వెళ్లలేదు. ఎండ విపరీతం.

మే 15

వెళ్లాను.

ధోబీతలావ్‌లో మూడో అంతస్తు. పొడుగాటి హాలు, వరసగా మంచాలు, ప్రతి మంచం కిందా ఒక ట్రంకు పెట్టె, గోడకి మేరీమాత పటం, ముందు దీపం. ఓడల మీద వంటవాళ్లు, బ్యాండువాళ్లు, పని కోసం ఎదురుచూసేవాళ్లు. మాస్టర్ కిటికీ దగ్గర మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, నేను ఆయన కన్నా పెద్దవాణ్ణయినట్టు.

"రా బాబా, రా. ఇంత ఎండలోనా?" ట్రంకు పెట్టె మీద తువ్వాలు పరిచి కూర్చోమన్నాడు. కింద కొట్టు నుంచి టీ తెప్పించాడు. ఇందుని అడిగాడు. కాదర్ మోకాళ్ల నొప్పులు అడిగాడు. పడవ పాట రేడియోలో విన్నానన్నాడు.

"మెల్విన్ బాగా వాయించాడు. చివర్లో ఆ మూడు మెట్లూ నేనైతే అంత మెత్తగా దిగేవాణ్ణి కాదు."

"మాస్టర్," అన్నాను. "ఒక మాట చెప్పడానికి వచ్చాను."

"నేనూ నిన్నొకటి అడగాలి," అని మంచం కిందకి వంగాడు. వయొలిన్ పెట్టె లాగాడు. మూత మీద దుమ్ముంది. "ఆ రోజు తర్వాత దీన్ని ముట్టలేదు. నిన్న లాగబోయి మానేశాను. ఎవర్ని అడగను చెప్పు? ఈ హాల్లో వాళ్లకి సైరనుకీ షడ్జమానికీ తేడా తెలీదు. నువ్వొక్కసారి విను."

పక్క మంచాల వాళ్లు లేచి కూర్చున్నారు. గుమ్మం దగ్గర ఇద్దరు నిలబడ్డారు. అందులో ఒకడు సాయంత్రాలు హోటల్లో బాకా వాయించేవాడు, నాకు తెలుసు, స్టూడియోలకి కూడా వస్తాడు.

మాస్టర్ తీగలు సరిచేసుకుని, కళ్లు మూసుకుని, ఒక్కొక్క స్వరం పైకి వాయించుకుంటూ వెళ్లాడు. నాకు దిగినట్టే వినిపించింది. చెవి దురద పెట్టినట్టు ఎడమ చెవిలో వేలు పెట్టుకున్నాను. కుడి చెవి ఒక్కదానితో విన్నాను.

ఒక్క స్వరం కూడా పక్కకి జరగలేదు. మూడు నెలలు ముట్టని చెయ్యి. నా జన్మలో అంత శుద్ధంగా నేనెప్పుడూ వాయించలేదు.

ఆయన కళ్లు తెరిచాడు. విల్లు దించాడు. "చెప్పు బాబా. ఇంకా దిగుతోందా?"

బాకావాడు గుమ్మానికి ఆనుకుని నా నోటి వంక చూస్తున్నాడు. చెబితే ఏం చెప్పాలి? తప్పు నాది అంటే, ఎందుకు అంటారు. చెవి అనాలి. సాయంత్రానికి అంధేరీ. ఇవాళ కాదు, వీళ్లందరూ లేనప్పుడు, ఇంకో రోజు వచ్చి చెబుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

"కొద్దిగా మాస్టర్," అన్నాను. "పైన. కొద్దిగా."

తల ఊపాడు. బాధపడలేదు, తెలిసిన సంగతే విన్నట్టు ఊపాడు. "నేనూ అదే అనుకున్నాను," అన్నాడు. వయొలిన్ తుడిచి పెట్టెలో పెట్టి, మంచం కిందకి తోశాడు. "నువ్వు కాబట్టి నిజం చెప్పావు. మిగతావాళ్లు నా మొహం చూసి బాగుందనేవాళ్లు. టీ చల్లారిపోతోంది, తాగు."

తాగాను.

మే 16

కాదర్ అడిగాడు, "చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు."

వాడు నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ముప్పై ఏళ్ల స్నేహంలో ఎప్పుడూ అలా చెయ్యలేదు. నేను చేతులు లాక్కోలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. అయినా లాక్కోలేదు.

మే 19

నాకు చెప్పకుండా కాదర్ నిన్న ధోబీతలావ్ వెళ్లాడట. మాస్టర్‌ని సోమవారం రికార్డింగుకి రమ్మని పిలవడానికి.

"వెళ్లగానే క్షమించమని అడిగాను," అన్నాడు కాదర్. "సదా వచ్చి అంతా చెప్పాడటగా మాస్టర్, తప్పు మీ వేళ్లది కాదు, వాడి ఎడమ చెవిదని, ఆ రోజే నేను అడ్డుపడాల్సింది అన్నాను."

నేను పెన్సిలూ బ్లేడూ తీశాను. "దానికి ఆయన?"

"చాలాసేపు నా వంకే చూశాడు. ఏమిటలా చూస్తారు, సదా చెప్పలేదా అన్నాను. అప్పుడన్నాడు, ఎందుకు చెప్పలేదూ, చెప్పాడు, అన్నీ చెప్పాడు, మంచి పిల్లాడు అని. సోమవారం వస్తానన్నాడు."

కాదర్ సంబరంగా చెబుతున్నాడు. నేను పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాను. చెక్కాల్సింది ఏమీ మిగలనంతవరకూ చెక్కాను.

మే 21, సోమవారం

తొమ్మిదికి పది నిమిషాలుండగా వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. అందరూ లేచి నిలబడ్డారు. మెల్విన్ ముందు కుర్చీ ఖాళీ చేశాడు. మాస్టర్ వద్దని చేత్తో చెప్పి వెనక వరసలో చివరి కుర్చీలో కూర్చున్నాడు. నా పక్కగా వెళ్తూ, "కులాసానా బాబా," అన్నాడు. నేను కాగితాలు సర్దుకున్నాను.

పియానో స్వరం ఇచ్చింది. పద్దెనిమిది మందీ శ్రుతి చేసుకున్నారు. తర్వాత పదిహేడు మంది ఒకళ్లనొకళ్లు చూసుకుని తీగల మరలు ఇంకొంచెం తిప్పారు. మార్చి నుంచీ రోజూ జరుగుతున్నదే. ధన్‌జీషా చెప్పాక ఇదే మొదటి రికార్డింగు, తెలిసి చూడటం నాకిదే మొదలు.

మాస్టర్‌కి ఈ పద్ధతి తెలీదు. సరిగ్గా శ్రుతి చేసుకుని, వయొలిన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్క కుర్చీ అతను వంగి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మాస్టర్ తలెత్తి నా వంక చూశాడు. కోపం ఉంటుందేమోనని వెతికాను. లేదు. అద్దాల వెనక కాదర్ లేచి నిలబడి ఉన్నాడు.

ఒక్క మాట చాలు. ఆగండి, అందరూ సరిచేసుకోండి, తప్పు నాది. నాలుక చివరి దాకా వచ్చింది. నలభై మందికీ తెలిసిన సంగతే. కొత్తగా బయటపడేది ఏమీ లేదు. అయినా నోరు రాలేదు.

మాస్టర్ తల వంచాడు. ఒక్కొక్క మరా తిప్పుకుంటూ, నాలుగు తీగలూ తప్పు శ్రుతికి ఎక్కించుకున్నాడు. వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని విల్లు ఎత్తాడు.

నేను చెయ్యి ఎత్తాను.

చాలా బాగా వాయించారు. నాకు ఎక్కడా వంక దొరకలేదు. మూడో టేకుకి ఓకే చెప్పి, కారెక్కి ఇంటికొచ్చేశాను. ఇందు అన్నం పెడతానంటే ఇప్పుడే వద్దన్నాను. ఇప్పుడు గంట రెండున్నర. వాళ్లు తీగలు దించుకుని అసలు పాట తీస్తూ ఉంటారు.